కారుకి మేకప్పు ఎంతవరకు?

ఒక్క డాలరుకి ఏమొస్తుంది? ఒక కారొచ్చింది! అదీ అలాంటిలాంటి కారు కాదు.

నార్త్ హాలీవుడ్‌లో జార్జ్ బారిస్ అని ఒకాయన ఉండేవాడు. పాత కార్లకు కొత్త రూపాలు ఇవ్వడమే ఆయన వృత్తి. సినిమా కంపెనీలకు చిత్రవిచిత్రమైన బళ్లు కావాలంటే ఆయన షెడ్డుకే పరుగెత్తేవి. ఆ షెడ్డు వెనక ఎండకీ వానకీ తడుస్తూ ఒక కారు ఏళ్ల తరబడి పడుండేది. పేరు లింకన్ ఫ్యూచురా. ఫోర్డు కంపెనీ వారు 1955లో ప్రదర్శనల కోసం ఇటలీలోని ఘియా వర్క్‌షాపులో చేత్తో చేయించిన అపురూపమైన బండి అది. రెండున్నర లక్షల డాలర్లు ఖర్చయిందని అప్పట్లో చెప్పుకున్నారు. ముత్యంలాంటి తెలుపు రంగు, నెత్తిన రెండు గాజు బుడగలు, వెనక ఆకాశాన్ని చీల్చేలా తోకరెక్కలు... ప్రదర్శనల మోజు తీరిపోయాక దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. చివరికి 1965లో ఒకే ఒక్క డాలరుకి బారిస్ పేర రాసిచ్చేశారు.

సరిగ్గా అప్పుడే ఒక టీవీ సీరియల్ వాళ్లకి అర్జెంటుగా కారు కావలసొచ్చింది. గడువు? మూడే మూడు వారాలు! అంత తక్కువ సమయంలో కొత్త కారు ఎవరు చేస్తారు? బారిస్ కళ్లు షెడ్డు వెనక్కి తిరిగాయి. తోకరెక్కల్ని సాగదీసి గబ్బిలం రెక్కల్లా గాట్లు పెట్టించాడు. ముక్కుని గబ్బిలం ముఖంలా మార్చాడు. చక్రాల మీది రేకు కోసి వాటిని బయటపెట్టాడు. తెలుపు పోయి నలుపొచ్చింది, అంచుల వెంట ఎర్రటి చారలొచ్చాయి. 1966 జనవరిలో అమెరికా పిల్లలంతా టీవీల ముందు కేరింతలు కొట్టారు. అదేనండీ, బ్యాట్‌మొబైల్! ఒక్క డాలరు కారు 2013 జనవరిలో వేలంలో కమీషన్‌తో కలిపి 46 లక్షల డాలర్లకు పైగా పలికింది.

ఇంతవరకు వింటే మన సినిమాల్లో అనాథ కుర్రాడు కోటీశ్వరుడైన కథలాగే ఉంది కదూ? కానీ దీనికి రెండో వైపు ఒకటుంది. పాత కార్లంటే ప్రాణమిచ్చేవాళ్లలో కొందరికి ఈ కథ చెబితే మొహం ముడుచుకుంటారు. “అలాంటి ఫ్యూచురా మళ్లీ లేదు. దాన్ని కోసేశారు. బ్యాట్‌మొబైల్ కావాలంటే వేరే ఏ కారునైనా వాడుకోవచ్చు గదా!” అంటారు. “అది తుప్పుపట్టి పాత ఇనుము కింద పోయేది. బతికించిన వాణ్ణి తిడతారేం?” అని అవతలివాళ్లు. ఈ తగాదా ఇప్పటికీ తెగలేదు. తెగదు కూడా!

కోసినా కనపడకూడదు

బారిస్ చేసినవన్నీ ఇలా ఆర్భాటంగా ఉండేవనుకుంటే పొరపాటు. అంతకు చాలా ముందు, 1952-53 ప్రాంతాల్లో, ఆయనా ఆయన అన్న శామ్ కలిసి హిరొహాటా అనే యువకుడి కోసం 1951 మోడల్ మెర్క్యురీ కారుని మార్చారు. కార్ల మోజున్న అమెరికా కుర్రకారు ఇప్పటికీ ఆ బండి పేరు చెబితే చెవులు రిక్కిస్తారు.

అందులో గొప్పేమిటి? కారు పైకప్పుని కోసి, ముందువైపు నాలుగంగుళాలు, వెనకవైపు ఏడంగుళాలు కిందికి దించారు. తలుపుల మధ్య నిలువు స్తంభాలు తీసేశారు. అక్కర్లేని నగిషీలన్నీ వొలిచేశారు. పైన లేతాకుపచ్చ, కింద ముదురాకుపచ్చ. అంత కోత కోసినా, కంపెనీవాళ్లే ఇలా తయారు చేశారేమో అనిపిస్తుంది. నా దృష్టిలో అసలు నేర్పు అక్కడుంది. మంచి మేకప్‌మాన్ పని తెర మీద కనపడకూడదంటారే, అలాగన్నమాట. మేకప్పు కనపడిందీ అంటే ఎక్కువైనట్టే!

ఈ కారు సినిమాలో కూడా వేషం వేసింది. 1955లో వచ్చిన ‘రన్నింగ్ వైల్డ్’ కోసం ఆ చక్కటి ఆకుపచ్చ మీద బంగారుఛాయ రంగు కొట్టారు. తర్వాత దశ మారింది, చేతులు మారింది, ఒక హైస్కూలు కుర్రాడికి 500 డాలర్లకి దొరికింది. ఆయన దాన్ని దశాబ్దాలపాటు దాచుకుని, ఓపిగ్గా పాత ఆకుపచ్చ రూపానికే తెచ్చుకున్నాడు. 2022లో అది వేలానికి వస్తే దాదాపు 20 లక్షల డాలర్లు. చూశారా విచిత్రం? మార్చిన కారుని మళ్లీ మార్చితే, పాత మార్పే ‘అసలు’ అయి కూచుంది!

రోల్స్‌రాయిస్‌కి పూలా?

ఇక బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ సంగతి. ఆయనకి 1965లో నల్లటి రోల్స్‌రాయిస్ ఫాంటమ్ ఫైవ్ వచ్చింది. రాణులూ ప్రభువులూ ఎక్కే బండి. 1967లో దానికి పసుపు రంగు కొట్టించి, మీద తీగలు, పూలు, సుడులు గీయించాడు. మన తిరనాళ్లలో రంగులరాట్నం గుర్తొస్తుంది. ఇంగ్లండులో పెద్దమనుషులు మండిపడ్డారు. లండన్ వీధిలో ఒక పెద్దావిడ గొడుగెత్తి కారు మీదికి వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజం చెప్పొద్దూ, నేనూ ఆ గొడుగు పక్షమే! అయితే ఒక్క సంగతి. లెనన్ ఆ కారు రేకు ముట్టుకోలేదు. రంగు మాత్రమే. రంగు నచ్చకపోతే గీకేయొచ్చు. ఇప్పుడెవరైనా గీకితే కొంప మునుగుతుంది. 1985 వేలంలో దాని ధర దాదాపు 23 లక్షల డాలర్లు. ఇప్పుడది కెనడాలో ఒక మ్యూజియం వారి సొత్తు.

నేనూ చేశాను ఒక పని

అంతమంది గొప్పవాళ్ల గురించి చెప్పాక నా ఘనకార్యం కూడా చెప్పకపోతే న్యాయం కాదు. 2011లో చదువు పూర్తిచేసి ఖాళీగా ఉన్న రోజులు. నాన్నగారి మారుతి 800 ఉండేది. తెల్లది, 1998 మోడలు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తోలుకెళ్లాను. వెడల్పు టైర్లు, మెరిసే చక్రాలు, డిక్కీ మీద రెక్క... అంతటితో ఆగానా? కారు నేలకి అంటుకున్నట్టుండాలని స్ప్రింగులు కోయించాను! అక్కడి మేస్త్రీ “ఆలోచించుకో తమ్ముడూ” అన్నాడు. నేను ఆలోచించలేదు.

సాయంత్రం ఇంటి ముందు ఆపాను. వీధిలో పిల్లలు మూగారు. నాన్న చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. కోప్పడలేదు.

“బాగానే ఉందిరా. మీ అమ్మ ఎక్కేదెట్లా?”

అమ్మకి మోకాళ్ల నొప్పులు. సీటు నాలుగంగుళాలు కిందికి పోయింది. ఆదివారం గుడికి వెళ్లొచ్చాక దిగడానికి ఆవిడ తలుపు పట్టుకుని రెండుసార్లు లేవబోయి కూలబడింది. మూడోసారి నేనూ నాన్నా చెరో చెయ్యీ పట్టుకున్నాం. “కొత్తగదా, అలవాటవుతుందిలే” అంది నా మొహం చూసి. ఆ మాట నాకు తిట్టు కన్నా గట్టిగా తగిలింది. కోసిన స్ప్రింగు మళ్లీ అతకదు. కొత్తవి కొనడానికి ట్యూషన్లు చెప్పాను. రెక్క మాత్రం కారు అమ్మేదాకా అలాగే ఉంది. నాన్న దానిమీద తుడుపుగుడ్డ ఆరేసుకునేవారు.

స్ప్రింగులు కోయించడం చట్టానికీ విరుద్ధమేనని తర్వాత తెలిసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను కాగితాల్లోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటితో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. రంగు మార్చుకోవచ్చు గానీ, ఆ సంగతి ఆర్టీవో ఆఫీసులో రాయించుకోవాలి.

“అయితే మనవాళ్ల సరదాలకి చోటే లేదా?” అంటారేమో. ఎందుకు లేదు! హైదరాబాదు బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూడండి. వంకాయ కారు, క్రికెట్ బ్యాటు కారు, బర్గర్ కారు... నడిచే బళ్లే అవన్నీ! అక్కడ ఏ మంచి కారూ పాడు కాలేదు, మొదటినుంచీ నవ్వించడానికే పుట్టాయి. ‘కల్కి 2898 ఏడీ’లో మన ప్రభాస్ నడిపిన బుజ్జి సంగతీ అంతే. 2024లో రామోజీ ఫిలింసిటీలో దాన్ని తొలిసారి చూపించినప్పుడు ఈలలు మోగాయి. ఆరు టన్నుల బరువు, ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక గుండ్రంగా ఒకటి. మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ వారు మొదలంటా తయారు చేశారు. దేన్నీ కోయలేదు. అందుకేనేమో, దాని అందం మీద వాదనలు జరిగాయి గానీ, అయ్యో అన్నవాళ్లు లేరు.

ఫ్యూచురా విషయంలో మాత్రం నాకూ కొంచెం అయ్యో అనే ఉంటుంది. దాన్ని కదులుతుండగా చూడాలని ఆశగా ఉంటే, గ్లెన్ ఫోర్డ్, డెబ్బీ రేనాల్డ్స్ నటించిన 1959 చిత్రం ‘ఇట్ స్టార్టెడ్ విత్ ఎ కిస్’ వెతికి పట్టుకోండి. బారిస్ చెయ్యి పడకముందు రూపం అందులో ఉంది. అయితే అప్పటికే ఆ ముత్యాల తెలుపు లేదు. కెమెరాకి ఆనడం లేదని సినిమావాళ్లు ఎర్ర రంగు వేసేశారు.