కొండలు లేని ఊళ్ళో కొండల బొమ్మలు



డ్రాయింగ్ పోటీ అనగానే మన హాస్టల్లో సగం మంది ఒకే బొమ్మ వేస్తారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి జారే ఏరు, ఒడ్డున పెంకుటిల్లు. నేనూ పదో తరగతి దాకా అదే వేశాను. ఏలూరు నుంచి కొల్లేరు మీదుగా కైకలూరు దాకా వెళ్ళినా దారిలో ఒక్క కొండ కనిపించదు. మరి అవి మన కాగితం మీదికి ఎలా వచ్చాయి? క్యాలెండర్ల నుంచి, పక్క బెంచీ వాడి కాగితం నుంచి!

గోదావరి దాటితే రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి (1897–1925) చిత్రశాల ఉంది. వీలైతే తప్పక చూడండి. కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో ఆయన బొంబాయి జె.జె. స్కూల్లో చదివారు. పురాణ కథలూ వేశారు గానీ, మన గోదావరినీ, ఇక్కడి మనుషులనూ వదల్లేదు. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులే. 28 ఏళ్ళు నిండకుండానే మశూచితో ఆయన పోయారు. ఇక తోట వైకుంఠం గారు 1942లో కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టారు. బరోడా వెళ్ళి కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి దగ్గర చదివి కూడా, చివరికి గీసింది చిన్ననాట చూసిన ఊరి ఆడవాళ్ళనే. నల్లని ఒళ్ళు, నుదుట పెద్ద బొట్టు, ముదురు రంగు చీర. మన నరసాపురంలో పుట్టిన బాపు గారి కార్టూన్లలో ఉన్నదీ ఇంటి గొడవే కదా!

ఇంతకీ ఎలా మొదలుపెట్టాలి? రంగులకు డబ్బు లేదనుకోకండి. ఒక 2బి పెన్సిలు, ఇంటి పొయ్యిలో బొగ్గు, వాడేసిన నోట్సుల్లో ఖాళీ పేజీలు చాలు. కూర్చోబెట్టి గీయొద్దు, పనిలో ఉన్న మనిషిని గీయండి. పని చేసేవాళ్ళు అదే కదలిక మళ్ళీ మళ్ళీ చేస్తారు. ఇప్పుడు తప్పిపోయిన గీత ఇంకో నిమిషంలో తిరిగి వస్తుంది. ముందు వెన్ను వంపు ఒక్కటే వేయండి, తర్వాత చేతులు. ముఖం ఆఖరున, అది రాకపోయినా పరవాలేదు.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తా మోసే హమాలీని చూడండి. బరువు ఏ కాలి మీద ఉందో ఆ పాదం, మనిషీ బస్తా కలిసిన బరువు మధ్యకు నేరుగా కిందికి రావాలి. లేకపోతే బొమ్మలో మనిషి పడిపోతున్నట్టుంటాడు. కొల్లేరు గీసేటప్పుడు నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతను కాగితంలో బాగా కిందికి దించండి. మీరు నీటి అంచున కూర్చుని చూస్తే, దోనె మీద నిలబడ్డవాడి తల ఆ గీతకు పైన ఆకాశంలో కనిపిస్తుంది. కొంగలు తర్వాత వేసుకోవచ్చు, ముందు దోనె తేలాలి.

అన్నిటికన్నా కష్టం సొంత ఇంటివాళ్ళను గీయడం. మా అమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళేది. హాస్టల్లో ఎవరైనా అడిగితే "ఇంట్లోనే ఉంటుంది" అనేవాణ్ణి. డిగ్రీ రెండో ఏడు సెలవుల్లో, సాయంత్రం ఆమె వచ్చి వేళ్ళకు చుట్టుకున్న గుడ్డపీలికలు విప్పుకుంటుంటే గీశాను. నాలుగైదు కాగితాలు పాడయ్యాయి. వేళ్ళు గీయాలంటే వేళ్ళను చూడాలి కదా. ఆ చేతుల్ని అంతసేపు నేనెప్పుడూ చూడలేదు.

బొమ్మ చూపిస్తే అమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. "ఇలాగేశావేంట్రా నన్ను? పెళ్ళికి కట్టుకెళ్ళిన చీరలో వెయ్యొచ్చుగా" అంది. నేను మెచ్చుకుంటుందనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆవిడ మాటే న్యాయమనిపించింది. అందుకే చెబుతున్నాను, మన వాళ్ళే అయినా అడక్కుండా వేసిన బొమ్మను పోటీకి పంపకండి.

ఆకుపచ్చ చీరలో ఇంకొకటి వేసిచ్చాను. అది మా ఇంటి గోడకుంది. గుడ్డపీలికల బొమ్మ నా ట్రంకు పెట్టెలో ఉంది. ఎవరైనా చూస్తామంటే ముందు అమ్మకు ఫోన్ చేసి అడుగుతాను.