కణం ఓర్చుకుంటుంది, గాయపడుతుంది, మానుతుంది



నర్సింగ్ విద్యార్థినులకు మొదట్లోనే చెప్పే పాఠాలలో ఒకటి, కణం కష్టాన్ని ఎలా తట్టుకుంటుంది, ఎప్పుడు దెబ్బతింటుంది, తిరిగి ఎలా కోలుకుంటుంది అన్నది. ఇంట్లో బి.పి., షుగర్ ఉన్న ప్రతి కుటుంబానికీ ఈ పాఠం అవసరమే. అందుకే ఈసారి దీనిని అందరికీ అర్థమయ్యేలా చెప్పుకుందాం.

మన శరీరంలో సుమారు 37 లక్షల కోట్ల కణాలు ఉన్నాయని అంచనా. ప్రతి కణానికీ ప్రాణవాయువు, ఆహారం కావాలి. వాటితో కణం తన పనికి కావలసిన శక్తిని తయారు చేసుకుంటుంది. ఆ శక్తిని మోసే పదార్థం పేరు ఎ.టి.పి. దీనిని 1929లో కనుగొన్న వారిలో మన తెలుగువాడు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు, అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ గారితో కలిసి దీనిని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా కనుగొన్నారు.

కణం ఎలా ఓర్చుకుంటుంది?

పార, గొడ్డలి పట్టే చేతులు కాయలు కాస్తాయి. రాపిడి ఎక్కువైన చోట చర్మకణాలు ఎక్కువగా పుట్టి, పైపొర మందమై, లోపలి కండను కాపాడతాయి. విరిగిన కాలికి కట్టు వేసి ఆరు వారాలు కదపకుండా ఉంచితే ఆ కాలు సన్నబడుతుంది. పని లేక కండరాల కణాలు చిన్నవవుతాయి. కట్టు విప్పి వ్యాయామం చేయిస్తే మళ్ళీ పుంజుకుంటాయి. ఇదంతా కణం సర్దుకోవడమే.

అయితే అన్ని సర్దుబాట్లూ మేలు చేయవు. బి.పి. ఎక్కువగా ఉన్నవారి గుండె రోజూ బరువు మోసినట్టు పనిచేసి, దాని కండరం దళసరి అవుతుంది. బీడీ, సిగరెట్ తాగేవారి శ్వాసనాళాలలో దుమ్మును, కఫాన్ని బయటికి తోసే సన్నని నూగు గల కణాలు పోయి, వాటి స్థానంలో పొగను తట్టుకునే గట్టి కణాలు వస్తాయి. కఫాన్ని తోసేవి లేక దగ్గు పట్టుకుంటుంది. పొగ మానకపోతే అక్కడే క్యాన్సర్ మొదలు కావచ్చు.

"పదేళ్ళ నుండి బి.పి. ఉంది, మాత్రలు వేసుకోకపోయినా నాకేమీ కాలేదు" అని చాలామంది అంటుంటారు. ఆ పదేళ్ళూ వారి బదులు వారి గుండె, మూత్రపిండాల కణాలు ఓర్చుకుంటూ వచ్చాయని తెలుసుకోవాలి. ఓర్పుకు ఒక హద్దు ఉంటుంది.

హద్దు దాటితే?

రక్తం అందకపోతే ఎ.టి.పి. తయారీ పడిపోతుంది. అప్పుడు కణం లోపలి ఉప్పును బయటికి తోయలేదు. ఉప్పుతో పాటు నీరు చేరి కణం ఉబ్బుతుంది. ఈ దశలో రక్తం మళ్ళీ అందితే కణం కోలుకుంటుంది. ఆలస్యమైతే దాని పొర చిరిగి చనిపోతుంది. ఇక దానిని ఏ మందూ బతికించలేదు.

ఈ గడువు అన్ని కణాలకూ ఒకటి కాదు. రక్తం పూర్తిగా ఆగితే మెదడు కణాలు నాలుగైదు నిమిషాలకే దెబ్బతింటాయి. గుండె కండరం సుమారు అరగంట తట్టుకుంటుంది. గుండెపోటు వచ్చినప్పుడు, మూతి వంకరపోయి చెయ్యి పడిపోయినప్పుడు తెల్లవారాక చూద్దామని ఆగకూడదని చెప్పేది ఇందుకే. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

మద్యం తాగేవారి కాలేయంలో మొదట కొవ్వు చేరుతుంది. అప్పుడే మానేస్తే కొన్ని వారాలలో అది తగ్గుతుంది. ఏళ్ళ తరబడి తాగితే కాలేయమంతా మచ్చకట్టి గట్టిపడుతుంది. అది మామూలు స్థితికి రావడం కష్టం.

గాయం ఎలా మానుతుంది?

దెబ్బ తగిలిన నిమిషాలలో రక్తం గడ్డకడుతుంది. మొదటి రోజే తెల్ల రక్తకణాలు వచ్చి క్రిములతో పోరాడతాయి. ఆ కాస్త ఎరుపు, వాపు ఈ పని జరుగుతోందనడానికి గుర్తు. మూడు నుండి ఐదు రోజులలో ఎర్రటి కొత్త కండ పుడుతుంది. డ్రెస్సింగ్ చేసేటప్పుడు అది కనిపిస్తే మా నర్సులకు సంతోషం. గట్టిగా రుద్దితే పాడయ్యేది కూడా అదే.

పైకి మానిన గాయం లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. వారం రోజుల నాటి కుట్టుకు మామూలు చర్మం బలంలో పదో వంతే ఉంటుంది. మూడు నెలలకు 70 నుండి 80 శాతం వస్తుంది. కాబట్టి ఆపరేషన్ అయినవారు డాక్టర్ గారు చెప్పేవరకు నీళ్ళ బిందె, వడ్ల బస్తా ఎత్తరాదు.

షుగర్ ఉన్నవారికి ఇబ్బంది ఎక్కువ. పాదాలకు రక్తప్రసరణ తగ్గుతుంది, స్పర్శ మొద్దుబారుతుంది, తెల్ల రక్తకణాలు చురుకుగా పనిచేయవు. పత్తి చేలో ముల్లు గుచ్చుకున్నా తెలియదు. తెలిసేసరికి పుండు ఎముక దాకా పోయి, కాలు తీసేయవలసిన పరిస్థితి రావచ్చు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. నొప్పి తెలియకపోవడమే ప్రమాదం.

ఇంట్లో పాటించవలసినవి

1. గాయాన్ని శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి శుభ్రమైన బట్ట కట్టండి. సున్నం, పేడ, కాఫీ పొడి, బూడిద పెట్టవద్దు. ధనుర్వాతం టీకా గురించి అడగండి.

2. కాలిన చోట 20 నిమిషాలు చల్లని నీరు ధారగా పోయండి. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు రాయవద్దు.

3. షుగర్ ఉన్నవారు రోజూ రాత్రి పాదాలు, వేళ్ళ సందులు చూసుకోవాలి. చూపు ఆనకపోతే ఇంట్లోవారు చూడాలి. ఒట్టి కాళ్ళతో నడవరాదు, పాదాలకు వేడినీటి కాపడం పెట్టరాదు. మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు మంచివి.

4. గుడ్డు, పప్పు, పాలు, చేపలు కొత్త కండకు మాంసకృత్తులు ఇస్తాయి. ఉసిరి, జామ, నిమ్మ గాయం గట్టిపడటానికి కావలసిన సి విటమిన్ ఇస్తాయి. గాయానికి పప్పు పడదని పత్యం పెట్టకండి.

5. పొగ మానండి. అది సన్నని రక్తనాళాలను బిగించి గాయాన్ని మాననివ్వదు.

6. ఎరుపు పాకుతున్నా, చీము, దుర్వాసన, జ్వరం ఉన్నా, చుట్టూ నలుపు తిరిగినా ఆ రోజే ఆసుపత్రికి రండి.

ఈ రాత్రి పడుకునే ముందు, ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవారి పాదాలు ఒకసారి దీపం వెలుగులో చూడండి.