సూదిలోంచి కరెంటు: టెండన్ నొప్పికి పనిచేస్తుందా?

టెన్నిస్ ఎల్బో అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది సచినే. 2004లో ఆ నొప్పితో ఆటకి దూరమై, 2005లో లండన్‌లో ఆపరేషన్ చేయించుకున్నాడు. దానికి సచినే కానక్కర్లేదు లెండి! వారమంతా మౌసు పట్టుకుని, ఆదివారం క్రికెట్ ఆడే క్లేటన్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకీ, మోనాష్‌లో చదువుతూ రాత్రిళ్ళు వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసే విద్యార్థులకీ వస్తుంది. ఈ మధ్య మనవాళ్ళ కబుర్లలో వినిపిస్తున్న ప్రశ్న... "సూది గుచ్చి కరెంటు పెడతారటగా, చేయించుకోవచ్చా?" నేను డాక్టర్ని కాదు, ఇంజనీర్ని. కానీ కరెంటు అన్నారు కాబట్టి కాస్త చదివాను.

టెండన్ అంటే కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు. దానికి రక్తప్రసరణ తక్కువ కాబట్టి దెబ్బ తింటే మానడం నెమ్మది. నెలల తరబడి నొప్పి ఉన్న చోట కొల్లాజెన్ పోగులు చిందరవందర అవుతాయి, శరీరం మరమ్మతు పని సగంలో వదిలేసినట్టు ఉండిపోతుంది. ఆ పనిని మళ్ళీ మొదలుపెట్టించడమే ఈ చికిత్స ఉద్దేశం. 2000 ప్రాంతంలో స్పెయిన్‌లో సాంచెజ్ ఇబానెజ్ అనే ఫిజియోథెరపిస్టు దీన్ని మొదలుపెట్టారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, ఆక్యుపంక్చర్ సూదిలాంటి సన్నని సూదిని దెబ్బతిన్న చోటికి పంపి డైరెక్ట్ కరెంటు ఇస్తారు. సూది నెగటివ్ ధ్రువం, ఒంటి మీద మరోచోట పాజిటివ్.

ఇక్కడ పదో తరగతి కెమిస్ట్రీ గుర్తు చేసుకోండి, ఉప్పునీటి విద్యుద్విశ్లేషణ! మన ఒంట్లో ఉన్నదీ ఉప్పునీరేగా. సూది మొన దగ్గర హైడ్రోజన్ బుడగలు, సోడియం హైడ్రాక్సైడ్ (అదేనండీ, కాస్టిక్ సోడా) పుడతాయి. ఎంత? బాగా వాడుకలో ఉన్న మోతాదు 3 మిల్లీయాంపియర్లు, 3 సెకన్లు, 3 సార్లు. అంటే 27 మిల్లీకూలూంబులు. ఫారడే లెక్క వేస్తే సుమారు 11 మైక్రోగ్రాములు, గ్రాములో ఇంచుమించు లక్షో వంతు. పాడైన కణజాలాన్ని అక్కడికక్కడే కరిగించి, చిన్న వాపు తెప్పించడానికి ఇది చాలంటారు. ఆ వాపే మరమ్మతుకి పిలుపన్నమాట. 2022లో ఈలైఫ్ పత్రికలో స్పెయిన్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూపించింది కూడా ఇదే: ఈ కరెంటు ఎన్‌ఎల్‌ఆర్‌పి3 అనే వాపు యంత్రాంగాన్ని మేల్కొలిపి, టైప్ 1 కొల్లాజెన్ తయారీని పెంచుతోంది.

మరి మనుషుల్లో? ఇక్కడే అసలు చిక్కు. 2021లో స్పెయిన్‌లో మోకాలి చిప్ప కింది టెండన్ నొప్పి ఉన్న 48 మందిని మూడు జట్లు చేశారు: కరెంటు సూది, కరెంటు లేని సూది, ఉత్తుత్తి సూది. అందరికీ వ్యాయామం మాత్రం ఉంది. మూడు జట్లూ బాగుపడ్డాయి, కానీ వాటి మధ్య తేడా కనిపించలేదు! (నొప్పిని కొలిచిన వీసా ప్రశ్నావళి మన విక్టోరియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లో పుట్టినదే.) మెరుగైన ఫలితాలు చూపిన అధ్యయనాలూ ఉన్నాయి గానీ చాలావరకు చిన్నవి. నా మటుకు నేను, పని చేసింది వ్యాయామమేమో అన్న అనుమానం తీరేదాకా దీన్ని మొదటి మందు అనను.

అలాగని, "ఒక్క ఇంజెక్షన్‌తో పోతుంది" అని స్టెరాయిడ్ వైపు పరుగెత్తకండి. బ్రిస్బేన్‌లో 165 మంది టెన్నిస్ ఎల్బో రోగులపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 54 శాతం మందికి ఏడాదిలోపు నొప్పి తిరగబెట్టింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో అది 12 శాతమే.

కరెంటు సూది వేయించుకోవాలనే అనుకుంటే కొన్ని సంగతులు. నొప్పి ఉంటుంది, కొందరికి కళ్ళు తిరుగుతాయి. పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు, ఆ చోట ఇన్‌ఫెక్షన్ ఉన్నవారు వద్దు. ఆహ్‌ప్రాలో నమోదైన ఫిజియోనా, అల్ట్రాసౌండ్ చూస్తూ చేస్తారా, వెంట వ్యాయామం ఇస్తారా అని అడగండి. మూడోదానికి "అక్కర్లేదు" అంటే లేచి వచ్చేయడం మంచిది. విద్యార్థుల ఓఎస్‌హెచ్‌సి మామూలు పాలసీల్లో ఫిజియో ఖర్చు సాధారణంగా రాదు. మెడికేర్ ఉండి, నొప్పి ఆరు నెలలుగా ఉన్నవారు మాత్రం జీపీని దీర్ఘకాలిక జబ్బుల ప్లాన్ గురించి అడగవచ్చు. అందులో ఏడాదికి ఐదు విజిట్లకి కొంత డబ్బు వెనక్కి వస్తుంది.