కింది చేయి కనిపించాలి

మగ్గం పని చూసేవాళ్ల కళ్లన్నీ పై చేతి మీదే ఉంటాయి. ఆరి సూది టకటకా దిగి లేస్తుంటే బట్ట మీద గొలుసు కుట్టు పరుచుకుంటూ పోతుంది. అసలు కిటుకంతా బట్ట కింద. అక్కడ దారం పట్టుకున్న ఎడమ చేయి, సూది దిగిన ప్రతిసారీ దాని కొక్కేనికి దారం అందించాలి. ఆ లయ తప్పిందా, దారం చిక్కుపడుతుంది, లేదంటే కుట్టు వదులై ఊడిపోతుంది.

తెనాలిలో మా పిన్ని కూతురు ఏళ్ల తరబడి జాకెట్లకు మగ్గం పని చేస్తోంది. ఆన్‌లైన్‌లో నేర్పుతానంటే ప్రకటన తయారుచేసిన కుర్రాడు పెళ్లికూతురి జాకెట్టు ఫొటో పెట్టి, ‘ఎవరైనా నేర్చుకోవచ్చు! నెలలో ఇంటి నుంచే సంపాదన!’ అని రాసిచ్చాడు. జనం బాగానే వచ్చారు. జన్మలో సూది పట్టనివాళ్లు, బొటిక్ నడుపుతూ కొత్త డిజైన్ల కోసం చేరినవాళ్లు, మగ్గం చట్రం కొనుక్కోవాలన్న సంగతే తెలియనివాళ్లు, అందరూ ఒకే వాట్సాప్ గ్రూపులో. మొదటివాళ్లకు పాఠం పరుగెడుతోంది, రెండోవాళ్లకు పాకుతోంది. మూడో వారానికి గ్రూపు పలచబడింది. నెల తిరిగాక ఒకావిడ, “ఆర్డర్లు ఎప్పట్నుంచి వస్తాయండీ?” అని అడిగింది. ఆవిడను తప్పుపట్టడానికేం లేదు, ప్రకటనలో ఉన్నదే అడిగింది.

ఈ తిప్పలు మహా మహా విశ్వవిద్యాలయాలూ పడ్డాయి. 2011లో సెబాస్టియన్ త్రన్, పీటర్ నార్విగ్ స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ పాఠాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే సుమారు 1,60,000 మంది చేరారు. చివరిదాకా నిలిచింది దాదాపు 23,000. త్రన్ స్థాపించిన ఆన్‌లైన్ పాఠాల సంస్థ యుడాసిటీ, 2013లో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీతో కలిసి, లెక్కల్లో వెనకబడ్డ పిల్లలకు ఆన్‌లైన్‌లో పునాది పాఠాలు చెప్పబోయింది. ఉత్తీర్ణులు తరగతి గదిలో చదివినవాళ్ల కంటే బాగా తగ్గిపోయారు. అదే ఏడాది వేసవి విడతలో ఫలితాలు మెరుగయ్యాయి. పాఠాలకు కాస్త సానపట్టిన మాట నిజమే కానీ, ఆ విడతలో చేరినవాళ్లలో సగం మందికి పైగా అప్పటికే డిగ్రీ ఉంది!

హార్వర్డ్, ఎంఐటీ ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలో నడిపిన కోర్సుల లెక్కలు 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవాళ్లలో పూర్తిచేసింది 3.13 శాతం. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం సగానికి కాస్త తక్కువ. అయితే ఫీజు పెంచేస్తే సరిపోతుందా? నాకలా అనిపించదు. డబ్బు కట్టినవాళ్లు ముందే ఏదో అవసరంతో వచ్చినవాళ్లు. ఆ అవసరం ఏమిటో కనిపెట్టి, దాన్ని ప్రకటనలో రాయడమే పని.

పాఠం ఎవరికి సరిపోతుందో ముందే తేలాలన్న సంగతి మన హైదరాబాద్ అమీర్‌పేటకు ఎప్పుడో తెలుసు. మైత్రీవనం చుట్టుపక్కల ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనైనా ముందు డెమో. కుర్రాళ్లు ఫీజు కట్టకుండా నాలుగుచోట్ల కూర్చుని, ఏ సార్ చెప్పేది తలకెక్కుతోందో చూసుకుని బ్యాచ్‌లో చేరేవారు. బయట ఫ్లెక్సీ ఎంత కోతలు కోసినా, లోపల బోర్డు ముందు గంటసేపట్లో ఎవరికి అందుతుందో, ఎవరికి అందదో తేలిపోయేది. ఆన్‌లైన్‌కు వచ్చేసరికి ఆ గంట పోయి, సినిమా ట్రైలర్ లాంటి వీడియో మిగిలింది.

అయినా ఆన్‌లైన్‌లోనూ దారి ఉంది. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో కోర్సు పేజీ చూడండి. అందమేమీ ఉండదు. కానీ ఈ పాఠం ఎవరి కోసం, ముందే ఏం తెలిసి ఉండాలి అన్నవి విడివిడిగా రాసి ఉంటాయి. చదివి ‘ఇది మనకు కాదులే’ అని వెళ్లిపోయినవాడికి ఆ పేజీ పన్నెండు వారాలు మిగిల్చినట్టే.

రెండోసారి మా చెల్లి ప్రకటన తనే చేసుకుంది. స్టీలు గిన్నెకు ఆనించి ఫోనును మగ్గం కింద పెట్టింది. రెండు నిమిషాల వీడియోలో జాకెట్టు లేదు, పెళ్లికూతురు లేదు. కింది చేయి, దారం, ఒకచోట పడిన చిక్కు, దాన్ని విప్పి మళ్లీ మొదలుపెట్టడం, అంతే. చేతికుట్టు వచ్చినవాళ్లకే ఈ బ్యాచ్ అని, చట్రం, సూదులు ఎవరివి వాళ్లే కొనుక్కోవాలని, రెండు నెలలకు గొలుసు కుట్టు నీటుగా వస్తుందని, ఆర్డర్ల పూచీ తనది కాదని చెప్పింది. బొటిక్ వాళ్లకు వేరే బ్యాచ్. కుర్రాడు తల పట్టుకున్నాడు.

క్లాసు మధ్యాహ్నం రెండింటికి. వంటిల్లు సర్దుకున్నాక, పిల్లలు బడి నుంచి రాకముందు. ఎవరి కోసమో ఆ టైమే చెప్పేస్తుంది. డాలస్ పిల్లలకు సంగీతం చెప్పే విజయవాడ టీచర్లు తెల్లవారుజామునే శ్రుతిపెట్టె పట్టుకుని కూర్చునేది ఇందుకే. అక్కడ అప్పుడు ముందురోజు సాయంత్రం.

ఈసారి సగం మందైనా రాలేదు. మొదటి వారంలోనే నరసరావుపేట నుంచి ఒకావిడ వంకరటింకర గొలుసు ఫొటో పంపి, కింద మెసేజ్ పెట్టింది: “అక్కా, పైన బానే ఉంది. కింది చేయి ఇంకోసారి చూపిస్తారా?”