లక్సర్ బెలూన్లు తెల్లవారుజామునే ఎందుకు ఎగురుతాయి?

ఈజిప్టులోని లక్సర్ ఊరికి ఎదురుగా, నైలు నది పడమటి గట్టున, సూర్యుడు పొడవకముందే పెద్ద పెద్ద బెలూన్లు గాల్లోకి లేస్తాయి. కింద దాదాపు 3,500 ఏళ్లనాటి హత్షెప్సుత్ ఆలయం. హత్షెప్సుత్ స్త్రీ అయినా ఫారోగా, అంటే రాజుగా, దేశాన్ని ఏలింది!

అంత పెద్ద బెలూన్ ఎలా లేస్తుంది? గాలికీ బరువుంది. 20 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. బెలూన్‌లోని గాలిని బర్నర్‌తో 100 డిగ్రీలకు వేడిచేస్తే అది వ్యాకోచిస్తుంది. అప్పుడు అదే చోటులో 950 గ్రాముల గాలే మిగులుతుంది. నీళ్లలో నూనెబొట్టులా, తేలికైన గాలి పైకి తేలుతుంది. ఘనపు మీటరుకు దక్కేది పావుకిలో మాత్రమే కాబట్టి, టన్ను బరువు లేవాలంటే బెలూన్‌లో దాదాపు 4,000 ఘనపు మీటర్ల వేడిగాలి ఉండాలి.

మరి పొద్దున్నే ఎందుకు? బయటి గాలి చల్లగా ఉంటే తక్కువ ఇంధనంతోనే బెలూన్ లేస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఎండ ముదిరితే ఇసుక కాగి, వేడిగాలి సుడులుగా పైకి తన్నుకొస్తుంది. అందులో బెలూన్‌ను అదుపు చేయడం కష్టం, ప్రమాదకరం.

దీనికి స్టీరింగ్ లేదు. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో దిక్కుకు వీస్తుంది. పైలట్ పైకో కిందికో వెళ్లి, కావలసిన గాలిని వెతుక్కుంటాడు. నాకు అన్నిటికన్నా నచ్చే నేర్పు ఇదే. దిగేచోటును కూడా గాలే నిర్ణయిస్తుంది. అందుకే కింద ఒక వాహనం వెంబడిస్తూ ఉంటుంది.