మూత మొరాయిస్తోందా!

బీరువా సర్దుతుంటే తాతగారి పెన్ను బయటపడుతుంది. నల్లటి ఒళ్లు, దాని మీద సన్నగా చెక్కిన ఆయన పేరు. మనవడు ఉత్సాహంగా మూత తిప్పుతాడు. కర్‌... కర్‌... సగంలో ఆగిపోతుంది. 'గట్టిగా తిప్పరా' అంటారు పక్కనుంచి ఎవరో. అదిగో, అక్కడే ముప్పు! చేత్తో చేసిన పెన్నుకు ఆ మూతే మూత. అదే బ్రాండు పెన్ను ఇంకోటి తెచ్చి దాని మూత తగిలిద్దామన్నా సరిగ్గా పట్టకపోవచ్చు. బలం చూపిస్తే అంచు పగులుతుంది.

చేతి పెన్ను అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది రాజమండ్రే. స్వదేశీ ఉద్యమం రోజుల్లో గాంధీజీ మాట మీద కె.వి.రత్నం అక్కడ పెన్నుల తయారీ మొదలుపెట్టారు. ఆయన పంపిన పెన్ను జె.సి.కుమారప్ప ద్వారా గాంధీజీకి చేరింది. వాడి చూశానని, బజార్లో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా పనికొస్తుందని మెచ్చుకుంటూ 1935 జులైలో బాపూ జవాబు రాశారు. ఆ పెన్నులకు వాడేది ఎబొనైట్‌. రబ్బరులో గంధకం దండిగా కలిపి, వేడితో గట్టిపరిచిన పదార్థమది. ఆ కడ్డీని లేతు మిషన్‌ మీద తిప్పుతూ ఒళ్లు, మూత విడివిడిగా చెక్కుతారు. మరలు తీశాక ఆ రెండూ ఒకదానికొకటి సరిపోయేలా సరిచేస్తారు. అందుకే అవి జంట వీడితే కష్టం.

మొదటి అనుమానం మురికి మీదే

మూత గరగరలాడగానే మరలు పాడయ్యాయనుకుంటారు చాలామంది. ఎక్కువసార్లు దోషం ఎండిపోయిన సిరాది. ఈ పెన్నుల్లో చాలావాటికి ఒంట్లోనే సిరా పోస్తారు. సిరా అడుక్కి వచ్చేసరికి లోపల గాలి ఎక్కువవుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి, సిరాను పాళీ మీదుగా బయటికి తోస్తుంది. అది మూతలో పడి మరల సందుల్లో గడ్డకడుతుంది. కొత్త పెన్నయితే చెక్కినప్పటి పొడి మిగిలిపోయి ఉండొచ్చు.

సిరా పారబోసి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో గోరువెచ్చని నీళ్లలో మరలు రుద్దండి. మూత లోపలికి దూదిపుల్ల చాలు. వేడినీళ్లు వద్దు, రాత్రంతా నానబెట్టడం అసలే వద్దు... ఎబొనైట్‌ నిగనిగ పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. స్పిరిటు, థిన్నరు దగ్గరికి రానివ్వకండి. సగం పెన్నులు ఈ స్నానంతోనే దారికొస్తాయి!

ఇంకా పట్టేస్తుంటే తిప్పే పద్ధతి చూసుకోవాలి. మూత పెట్టి ముందు వెనక్కి తిప్పండి. ఒకచోట 'టిక్‌'మని దిగుతుంది. అక్కణ్నుంచి ముందుకు తిప్పితే మర మర మీదికి ఎక్కదు. ఊరగాయ సీసా మూతకి అమ్మలు చేసేది ఇదే.

పెన్సిల్‌ చెప్పే రహస్యం

అయినా ఒకేచోట బిగుసుకుంటోందా? ఒంటి మరల మీద పెన్సిల్‌ ముక్కు రుద్ది, మూత ఆగేవరకూ తిప్పి తీయండి. నలుపు చెరిగిన చోటే రాపిడి ఉన్నట్టు. చాలాసార్లు అది మొదటి మర అంచే. అక్కడ కాగితంలా పలచటి రేకు మిగిలి ఉంటుంది. బాగా సన్నటి నీటి ఉప్పుకాగితంతో రెండుసార్లు తాకిస్తే పోతుంది. మర పొడవునా గరుకుంటే, జెల్‌ కాని తెల్ల టూత్‌పేస్టు కొంచెం పూసి మూతను ఐదారుసార్లు తిప్పి, కడిగి చూడాలి. ముందే పాళీ ఉన్న భాగాన్ని విప్పి పక్కన పెట్టాలి సుమా, లేకపోతే పేస్టు పాళీ సందులోకి చేరుతుంది. కొద్దికొద్దిగా చేయడమే మేలు. అరగదీసింది తిరిగి రాదు, ఎక్కువైతే మూత జేబులోనే ఊడి చొక్కా నీలమవుతుంది. చివర్లో సిలికాన్‌ గ్రీజు గుండుసూది తలంత చాలు. రబ్బరు సామాన్లకు పెట్రోలియం జెల్లీ మంచిది కాదంటారు కాబట్టి దాని జోలికి పోకపోవడమే నయం.

వంకర ఎవరిది?

గరుకు వేరు, వంకర వేరు. మూత బిగించిన పెన్నును అద్దం మీద దొర్లించండి. మూత ఎగిరెగిరి పడుతుంటే మర ఏటవాలుగా పడిందన్నమాట. ఇది ఇంట్లో తేలే పని కాదు. దోషం ఎవరిదో మాత్రం కనిపెట్టొచ్చు. కొన్ని పెన్నులకు మూడు మరలు కలిసి నడుస్తాయి. మర మరకూ దూరం 0.8 మిల్లీమీటర్లనుకుంటే, ఒక్క చుట్టుకే మూత 2.4 మిల్లీమీటర్లు కదులుతుంది. ఒంటి మరకు ఆరు చుట్లు పట్టే పని రెండింటితో అయిపోతుంది. ఇలాంటి మూతను మూడు చోట్ల మొదలుపెట్టొచ్చు. మూడు రకాలుగానూ బిగించి చూడండి. ప్రతిసారీ క్లిప్పుతో పోలిస్తే ఒకే పక్కకు వాలుతుంటే తప్పు మూతది. క్లిప్పు ఎటు తిరిగినా, పేరు చెక్కిన వైపుతో పోలిస్తే వాలు మారకపోతే తప్పు ఒంటిది. మూడింట్లో ఒకటి నున్నగా పడుతుంటే అదృష్టమే. క్లిప్పు దగ్గర చిన్న గుర్తు పెట్టుకుని అక్కడే మొదలుపెడితే సరి.

మూతది తప్పయితే పనివాడు పాత ఒంటికి సరిపడా కొత్త మూత చెక్కగలడు. ఒంటిది తప్పయితేనే ఆలోచించాలి. కొత్త ఒళ్లు చేస్తే పెన్ను బాగుపడుతుంది కానీ తాతగారి పేరు పోతుంది. కాబట్టి ఒంటిని ముట్టుకోకుండా, దాని వంకరకు తగ్గట్టే కాస్త వదులుగా మూత చేయమని అడగాలి. కొంచెం ఊగినా ఫర్వాలేదు.

రిపేరుకు ఇచ్చేటప్పుడు సిరా ఖాళీ చేసి, ఒళ్లు, మూత రెండూ ఇవ్వండి. పని ముగిశాక మెరుపు కోసం పనివాళ్లు పెన్నుకు బఫ్‌ చక్రం తాకిస్తారు. దానికి చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. పేరున్న చోట బఫ్‌ వేయొద్దని ముందే చెప్పండి, చీటీ మీద రాసి కూడా ఇవ్వండి.