మెదడులో చిప్ సరే.. మన పిల్లల చెవిలో మెషీన్ సంగతి తెలుసా?

మనసులో అనుకుంటే చాలు.. కంప్యూటర్‌లో కర్సర్ కదులుతుంది! 2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ తొలిసారి ఓ మనిషి మెదడులో చిప్ అమర్చింది. భుజాల కింద శరీరం చచ్చుబడిన అమెరికా యువకుడు నోలాండ్ అర్బా దాంతో చెస్ ఆడాడు. మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట ఇవ్వడం ఇలాంటి చిప్‌ల తర్వాతి టార్గెట్. అయితే ఇదంతా ఇంకా ట్రయల్స్‌లోనే ఉంది.

మరి మన దగ్గర? నరానికి నేరుగా సిగ్నల్ పంపే మెషీన్ ఎప్పుడో వచ్చేసింది. అదే కాక్లియర్ ఇంప్లాంట్. శబ్దాన్ని కరెంట్ సిగ్నల్‌గా మార్చి వినికిడి నరానికి అందిస్తుంది. 2007లో మహబూబ్‌నగర్ సహా 3 జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీలో చిన్నపిల్లలకు ఈ ఆపరేషన్ కూడా ఉంది.

కానీ వయసే కీలకం. మెదడు మాటలు నేర్చేది తొలి ఏళ్లలోనే. పిలిస్తే బిడ్డ తిరిగి చూడట్లేదా? లేటుగా మాటలొస్తాయిలే అనుకోవద్దు.. వెంటనే వినికిడి టెస్ట్ చేయించండి. ఆపరేషన్ తర్వాత స్పీచ్ థెరపీ అస్సలు మానొద్దు.